ఎక్సెల్ ప్రింట్ ఏరియా: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నా రిపోర్టు షీట్లలో సగం నలుగురికీ చూపించేది, సగం నా కోసం ఉంచుకునేది. ఎడమవైపు పార్టీ పేరు, బిల్లు నంబరు, బాకీ. కుడివైపు తనిఖీ లెక్కలు, గుర్తుకోసం రాసుకున్న ముక్కలు. ఆ రెండోది కాగితం మీదకు రాకూడదు. ఎక్సెల్‌లో ప్రింట్ ఏరియాను, అంటే ఏ గడులు మాత్రమే ప్రింట్ కావాలో చెప్పే హద్దును, నేను ముఖ్యంగా ఇందుకే వాడతాను. ఈ పనిలో దానికి వంక పెట్టడానికి లేదు. హద్దు కాగితానికీ పీడీఎఫ్‌కీ మాత్రమేనండోయ్, ఫైలే పంపిస్తే అన్నీ కనిపిస్తాయి.

పెట్టడం చిటికెలో పని. కావలసిన గడులు సెలెక్ట్ చేసి, పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ ఏరియా నొక్కి, సెట్ ప్రింట్ ఏరియా ఎంచుకుంటే సరి. ఫైల్‌తోపాటే సేవ్ అవుతుంది. ఇంకో ముక్క కలపాలంటే యాడ్ టు ప్రింట్ ఏరియా ఉంది కానీ, విడివిడిగా ఉన్న ముక్కలు ఒకే పేజీలో వస్తాయని ఆశపడకండి. దేని పేజీ దానిదే. మధ్యలో అక్కర్లేని కాలమ్‌లను హైడ్ చేసి అంతా ఒకే ఏరియాగా పెట్టుకోవడం మేలు.

అసలు తంటా రిపోర్టు పెరిగినప్పుడు వస్తుంది. ఏరియా ఏ1 నుంచి హెచ్60 దాకా ఉందనుకోండి. 40వ వరుస దగ్గర కొత్త వరుస చొప్పిస్తే హద్దు తనంతట తనే 61కి జరుగుతుంది. అదే 60 కింద టైప్ చేసుకుంటూ పోతే అవేవీ ప్రింట్‌లోకి రావు. హెచ్చరిక కూడా ఉండదు. చివరి నాలుగు పార్టీలు మాయమైనా పేజీ చూడ్డానికి నిండుగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

దీనికి చాలామంది చెప్పే మందు నేమ్ మేనేజర్, అంటే గడులకు పెట్టిన పేర్ల జాబితా. ఏరియా పెట్టగానే అక్కడ ప్రింట్_ఏరియా అనే పేరు చేరుతుంది. దాని ఎదురుగా ఉన్న గడుల అడ్రసు తీసేసి, హద్దును లెక్కగట్టే ఆఫ్‌సెట్ ఫార్ములా రాస్తే డేటా ఎంతుంటే ఏరియా అంత. బాగానే ఉంది గానీ, తర్వాత పేజ్ సెటప్‌లో ఏ మార్జినో సవరించి ఓకే కొడితే ఫార్ములా పోయి మామూలు అడ్రసు మిగులుతుంది. షీట్ పదిమంది చేతుల్లో తిరిగేదైతే ఈ టెన్షన్ ఎందుకు? నేను ఇప్పుడు కాలమ్ అక్షరాల మీదే ఏ నుంచి హెచ్ దాకా సెలెక్ట్ చేసి ఏరియాగా పెడుతున్నాను. కింద డేటా ఉన్నంతవరకే ప్రింట్ అవుతుంది. ఖాళీ గడులకు ముందుగానే బార్డర్లు గీసి ఉంచే అలవాటున్నవాళ్లకు మాత్రం ఖాళీ పేజీలు తప్పవు.

ప్రింట్ ఏరియా ఒక్కటే పెడితే సగం పనే అయినట్టు. రెండో పేజీ నుంచి హెడింగులు లేకపోతే ఏ అంకె దేనిదో చదివేవాళ్లకు తెలియదు. ప్రింట్ టైటిల్స్‌లో పైవరుసలు ప్రతి పేజీలో రావాలని చెప్పాలి. తర్వాత పేజ్ లేఅవుట్‌లోనే స్కేల్ టు ఫిట్ దగ్గర వెడల్పు 1 పేజీ, ఎత్తు ఆటోమేటిక్ అని పెట్టాలి. ఎత్తు కూడా 1 పెడితే వందల వరుసలను ఒక్క పేజీలో ఇరికిస్తుంది. స్కేల్ 10 శాతం దాకా దిగుతుంది మరి, చదవడానికి భూతద్దం కావాలి. ఇంకో సంగతి, ఇలా పేజీకి సరిపెట్టినప్పుడు మనం పెట్టిన పేజ్ బ్రేకులను, అంటే కొత్త పేజీ మొదలవ్వాలని పెట్టిన గుర్తులను, ఎక్సెల్ పట్టించుకోదు. పార్టీకో పేజీ కావాలంటే స్కేల్‌ను శాతంలోనే ఇవ్వాలి.

పేజీలు ఎక్కడ విరుగుతాయో షీట్ మీదే చూపించే పేజ్ బ్రేక్ ప్రివ్యూ నాకు బాగా నచ్చింది. ఏరియా బయటిదంతా బూడిదరంగులో ఉంటుంది. నీలిగీత ముక్కలుముక్కలుగా ఉంటే ఎక్సెల్ విరిచింది, నిండుగీత అయితే మనం పెట్టింది. మౌస్‌తో లాగి జరపొచ్చు.

నచ్చనిది ఒకటుంది. చాలా షీట్లను గ్రూప్ చేసి అన్నిటికీ ఒకేసారి ఏరియా పెట్టనివ్వదు. అందుకే ఒక షీట్‌ను అన్నివిధాలా సరిచేసుకుని దాన్నే కాపీ చేసుకుంటాను, ఏరియా, టైటిల్స్ వెంటే వస్తాయి.

ఎప్పుడైనా షీట్ మొత్తం కావాలంటే ఏరియా చెరపనక్కర్లేదు. కంట్రోల్+పి కొట్టి సెట్టింగ్స్‌లో ఇగ్నోర్ ప్రింట్ ఏరియా ఎంచుకోండి, పని కాగానే ఆ టిక్ తీసేయండి.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనూ ఈ సదుపాయం ఫార్మాట్ మెనూలో ప్రింట్ రేంజెస్ పేరుతో ఉంది. గూగుల్ షీట్స్‌లో మాత్రం ప్రింట్ చేసే ప్రతిసారీ గడులు సెలెక్ట్ చేసుకోవాలి. నెలనెలా అదే రిపోర్టు తీసేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను.