ప్యాకింగ్ లైన్‌కి కాంట్రాక్టు మనుషులా, కంపెనీ రోల్స్‌లోనా: ఏది మేలు?

జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ చూసేవాళ్లకు ఈ పేచీ ఏటా ఉండేదే. నేను రెండు రకాలుగానూ నడిపాను.

కాంట్రాక్టర్‌తో అసలు లాభం మనుషులు దొరకడం. రేపటి షిఫ్ట్‌కి పదిహేను మంది కావాలంటే రాత్రి అతనికి ఒక్క ఫోన్ చాలు. ఒడిశా వాళ్లు రజ పండక్కి, బీహార్ వాళ్లు ఛఠ్‌కి ఒక్కసారే ఊళ్లకు వెళ్లిపోయినా ఆ టెన్షన్ అతనే పడతాడు.

ఖర్చు తగ్గుతుందనేది మాత్రం పూర్తిగా నిజం కాదు. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం ఎవరి రోల్స్‌లో, అంటే ఎవరి ఉద్యోగుల జాబితాలో, ఉన్నా కట్టాల్సిందే, దానికి తోడు అతని సర్వీస్ ఛార్జీ, మొత్తం బిల్లు మీద 18 శాతం జీఎస్టీ. ఫ్యాక్టరీకి ఆ జీఎస్టీ క్రెడిట్ వస్తుంది, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు, ఆసుపత్రికి అదీ రాదు, వైద్య సేవలకు మినహాయింపు కదా. హౌస్‌కీపింగ్ అంతా ఏజెన్సీకి ఇచ్చేసిన ఆసుపత్రుల వాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి.

నేను ఇదివరకు పనిచేసిన చోట మాత్రల్ని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ మెషీన్‌లో ఒకావిడ వేలు నలిగింది. చేతికి గుడ్డ చుట్టి ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్లో ఈఎస్ఐ నంబర్ అడిగారు. ఆవిడ చేరి రెండు నెలలైనా కాంట్రాక్టర్ ఆ నంబర్ తీయనే లేదు. ఆ రోజు ఆవిడ ముఖం నాకింకా గుర్తే. కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొడితే కంపెనీయే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది, కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. అంటే బాధ్యత మనల్ని వదిలి ఎక్కడికీ పోలేదు.

ఇంకోటి, లైన్ క్లియరెన్స్, అంటే కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు పాతదేదీ మిగలకుండా లైన్ ఖాళీ చేయడం. బ్యాచ్ మారేటప్పుడు పాత కార్టన్ ఒక్కటి మిగిలినా ఒక మందు ఇంకో మందు పెట్టెలో పడుతుంది. కన్వేయర్ కింద వంగి చూడాలని పాతవాళ్లకు తెలుసు, పదిహేను రోజులకోసారి మారే మనిషికి ఎన్నిసార్లని నేర్పుతాం?

రోల్స్‌లో పెడితే ఆర్డర్లు లేని నెలలోనూ జీతం ఇవ్వాలి, నిజమే. అందుకే నా ఓటు ఫిక్స్‌డ్ టర్మ్‌కి, అంటే కంపెనీయే నేరుగా ఇంత కాలానికని ఒప్పందం రాసుకుని పెట్టుకోవడానికి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో వాళ్లకు ఐదేళ్లు ఆగకుండా ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది. మెషీన్, ప్యాకింగ్ అలా పెట్టుకోండి. లోడింగ్, సెక్యూరిటీ కాంట్రాక్టర్‌కి ఇవ్వండి, కానీ ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ చలాన్‌లో పేర్లు, గేటు హాజరులో పేర్లు పక్కపక్కన పెట్టి చూశాకే బిల్లు పాస్ చేయండి.