పదకొండేళ్ల వాడకంలో బేతంచెర్ల బండ, కడప నల్లబండ: మా కర్నూలు ఇంటి అనుభవం

కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు కట్టుకున్న మా ఇంట్లో 2014 వేసవిలో పాలు పొంగించాం. స్నానాల గది గోడలకు తప్ప ఆ ఇంట్లో మరెక్కడా టైల్సు లేవు. గదుల నేలకూ, వాకిలి మెట్లకూ, పెరటికీ బేతంచెర్ల బండ, అంటే బేతంచెర్ల గనుల్లో తీసే నాపరాయి వేయించాం. వంటగది గట్టుకూ, అలమరల అరలకూ, అటకలకూ కడప నల్లబండ వాడాం. ఇల్లు కట్టబోతున్న బంధువులూ తోటి ఉద్యోగులూ అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని, పదకొండేళ్లు ఈ బండల మీద నడిచి, వండి, కడిగి, ఒకసారి పెరడంతా పీకించి మళ్లీ పరిపించిన మనిషిగా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాకు ఈ బండ కొత్తది కాదు. మా మామది బనగానపల్లె పక్క పల్లె. వాళ్ల పాత ఇంటికి పైన మట్టి మిద్దె, కింద చేత్తో చెక్కిన నాపరాళ్ల నేల. ఆ ఇంటి అరుగు మీది బండ, తరాల తరబడి మనుషులు కూర్చుని లేవడం వల్ల, నూనె రాసినట్టు నున్నబడి ఉండేది. కొత్త ఇంటికి విట్రిఫైడ్ టైల్సే వేయించాలని మా వారు పట్టుబట్టినప్పుడు మామ ఒకే మాట అన్నాడు: "టైలు అరిగితే మట్టి బయటపడుతుంది, బండ అరిగితే ఇంకో బండ బయటపడుతుంది."

గదుల నేల వరకు ఆ మాట నిజమైంది. ఎండ నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోతే మా ఇంటిల్లిపాదీ మంచాలు వదిలి నేల మీదికి దిగుతాం. పాలిష్ మాసింది ఒక్కచోటే: వంటగది గడప దగ్గర, మనుషులు రోజంతా తిరిగే రెండు బండల మీద. స్టోరు గదిలో రోకలి జారిపడి ఒక బండ అంచు రూపాయి బిళ్లంత లేచిపోయింది. ఇన్నేళ్లలో లోపలి నేలకు జరిగిన నష్టం ఇంతే. చలికాలం మాత్రం వేరు. మార్గశిరం వచ్చిందంటే మా అత్తమ్మ మోకాళ్లు పట్టేస్తాయి, సంక్రాంతి దాకా హాలులో జంపఖానా తీయము. పెద్దవాళ్లు నేల మీద కూర్చునే ఇళ్లలో ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

బండ ఎంపికలో మేము చేసిన ఒకే ఒక మంచి పని, స్వయంగా బేతంచెర్ల వెళ్లి చూడటం. పాలమీగడ రంగు నుంచి లేత ఆకుపచ్చ, బూడిద రంగుల దాకా అక్కడ దొరుకుతాయి. ఒకే పేరుతో అమ్మే రంగు కూడా గని మారితే, ఒక్కోసారి అదే గనిలో పొర మారితే మారిపోతుంది. పొడి బండను చూసి రంగు నిర్ణయించకూడదు. బకెట్టు నీళ్లు అడిగి, నాలుగైదు బండలు వరుసగా పరిపించి, వాటి మీద పోసి చూస్తే అసలు రంగూ, కంటికి ఆనని సన్నని చీలిక గీతలూ రెండూ తేలతాయి. బండను నిలబెట్టి చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమంటే గట్టి బండ, డబ్బుమంటే లోపల పొర విడిపోయిన బండ. కోతలకూ విరుగుళ్లకూ లెక్క కంటే పదోవంతు ఎక్కువ తీసుకోవాలని అక్కడివాళ్లే చెప్పారు. మేము అలాగే తెచ్చుకున్నాం, అది ఎంత ఉపయోగపడిందో తర్వాత తెలిసింది.

ఇక వంటగది. ఇక్కడ నా తీర్పు అంత సూటిగా ఉండదు. కడప నల్లబండ గట్టు చూడముచ్చటగా ఉంటుంది, వేడి గిన్నె దించినా ఏమీ కాదు, గ్రానైటు కంటే ఖర్చు తక్కువ. కానీ ఇది సున్నపురాయి. పులుపు తగిలితే కరుగుతుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఇలాంటి సున్నపురాయినే తినేస్తూ పోతే కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా బేలుం గుహలు ఏర్పడ్డాయి. అంత పలుచని ఆమ్లానికి అన్ని యుగాలు పట్టింది కాని, నిమ్మరసానికి పది నిమిషాలు చాలు. గృహప్రవేశమైన రెండో వారంలో చిత్రాన్నానికి నిమ్మకాయలు కోసి, చెక్కలను గట్టు మీద బోర్లించి మరిచిపోయాను. తుడిచాక చూస్తే నాలుగు గుండ్రని మరకలు, నల్లని అద్దం మీద ఎవరో ఊది వదిలినట్టు తెల్లగా మసకగా ఉన్నాయి. వేలితో తడిమితే ఆ చోట గరుకు తగిలింది. అది మరక కాదు, పైపొర కరిగిపోవడం. ఎంత తోమినా పోదు. చింతపండు పులుసు, పులిసిన మజ్జిగ, టమాటా రసం, వెనిగర్ అన్నీ అదే పని చేస్తాయి. మన వంటలో పులుపు లేని పూట ఉండదు గనుక ఈ సంగతి చిన్నదేమీ కాదు.

దీనికి నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. కోతలన్నీ చెక్క పీట మీదే, పులుపు ఒలికితే ఉన్నపళంగా తడిగుడ్డతో తుడవడం, రాత్రి పూట పాత్రలు తోమే సబ్బు నీళ్లు తప్ప మరే పొడీ ద్రావకమూ గట్టు మీదికి రానివ్వకపోవడం. కొందరు నిగారింపు కోసం కొబ్బరినూనె రాయమంటారు. నేనూ ఆరు నెలలు రాసి చూశాను. ఒక్క పూట మెరుస్తుంది, మర్నాటికి దుమ్మూ పిండీ పట్టి జిడ్డెక్కుతుంది. 2021లో పాలిష్ మిషన్ తెప్పించి గట్టంతా మళ్లీ పట్టించాం. ఒక్క పూట పని, గుండ్రాలన్నీ పోయాయి. రాయి కాబట్టి ఆ వీలు ఉంది. అయినా ఇప్పుడు కట్టుకునేవాళ్లు నన్ను అడిగితే, పొయ్యి దగ్గరా సింకు దగ్గరా గ్రానైటు వేసుకుని, అరలకూ అటకలకూ మాత్రం కడప బండ వాడుకోమంటాను. అరల విషయంలో దానికి సాటి లేదు. చెదలు పట్టదు, నానదు, బియ్యం డబ్బాలన్నీ పేర్చినా వంగదు.

యాసిడ్ సంగతి విడిగా చెప్పాలి. గృహప్రవేశానికి ముందు రోజు, నేల మీద ఎండిన సిమెంటు చుక్కలు పోగొట్టడానికి కాంట్రాక్టరు పంపిన మనిషి హాలులో యాసిడ్ పోశాడు. బేతంచెర్ల బండ కూడా సున్నపురాయే, బుసబుసమని నురగ కక్కింది. నేను పరుగెత్తి నీళ్లు కుమ్మరించేలోగా విస్తరాకంత మేర మెరుపు పోయింది. బోరునీటి ఉప్పు తేరి కుళాయిల కింద తెల్లగా పేరుకున్నప్పుడు కూడా అందరూ చెప్పే మందు యాసిడే. ఉప్పుతో పాటు బండ కూడా పోతుందని ఎవరూ చెప్పరు. మా బోరునీళ్లు బాగా ఉప్పన, అందుకే సింకు చుట్టూ తడి ఆరకముందే తుడవడం ఒక్కటే మార్గమని మేము స్థిరపడ్డాం.

వాకిలి మెట్లకు అద్దం పాలిష్ వేయించడం మా అతి తెలివి. మొదటి వానాకాలంలోనే మా తమ్ముడు రెండో మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడే మెట్ల అంచుల్లో మూడేసి గాట్లు కోయించాం. తడి తగిలే చోటల్లా పాలిష్ లేని గరుకు బండే వేయాలి.

పెరటి కథ పొడుగు, మేము ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది కూడా అక్కడే. మా స్థలం నల్లరేగడి. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. ఇంటి పునాది విషయంలో ఇంజనీరు జాగ్రత్త పడ్డాడు. రేగడి పొర దాటి గట్టి నేల దాకా దిగాడు, గదుల నేల కింద గరుసు (గ్రావెల్) నింపించాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగిన సంగతి ఎవరూ మరువలేదు కనుక ఇంటి మట్టం కూడా రోడ్డుకు బాగా ఎత్తులో పెట్టించాం. పెరటి దగ్గరకు వచ్చేసరికి పునాది తవ్వగా వచ్చిన రేగడినే అక్కడ పరిచి, దాని మీద సిమెంటు బెడ్డు వేసి, అంగుళం సందు కూడా మిగల్చకుండా గోడ నుంచి గోడకు బండ పరిచారు. రోలర్ తెప్పించమని అడిగితే మేస్త్రి, "రోలర్ ఎందుకు మేడమ్, రెండు వానలు పడితే అదే కూర్చుంటది" అన్నాడు. మా మామ పక్కనే ఉండి, "ముందు మట్టిని కూర్చోనీయప్పా, ఆ తర్వాత మనం కూర్చుందాం" అన్నాడు. ముహూర్తం తరుముతోంది, ఆయన మాట ఎవరం వినలేదు.

మట్టి కూర్చుంది, అన్నిచోట్లా ఒకేలా కూర్చోలేదు. రెండో ఏడు వానాకాలానికి కుళాయి పక్క బండలు పైకి లేచాయి, ప్రహరీ పక్కవి కుంగాయి, నీళ్లు కాలువ వైపు కాకుండా ఇంటి వైపు నడిచాయి. సందుల్లోని సిమెంటు పెచ్చులుగా లేచిపోయింది. 2017లో పెరడంతా పీకించాం. ఈసారి అడుగున్నర లోతు రేగడి తీయించి, గరుసును అరడుగు మందాన ఒక్కో వరుస పరిచి, నీళ్లు చల్లి రోలరు తిప్పి, దాని మీద మూడంగుళాల ఇసుక పోయించాం. బండలను సిమెంటు లేకుండా ఇసుక మీదే కూర్చోబెట్టి, మధ్య అర అంగుళం సందు వదిలి, ఆ సందుల్లో ఇసుకా సన్న చిప్సూ నింపించాం. వాలు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం, ఇంటి నుంచి బయటికి. ఎక్కడైనా ఒక బండ కుంగితే గడ్డపారతో లేపి, పిడికెడు ఇసుక వేసి మళ్లీ దించుకోవచ్చు. ఎనిమిదేళ్లలో అలా రెండు బండలే లేపాం, రెండింటినీ మా వారే లేపారు. ఇంటి గోడ చుట్టూ నాలుగడుగుల మేర మాత్రం సందులు లేకుండా సిమెంటుతోనే వేయించాం. రేగడి నేలలో పునాది పక్కన తడి ఒక్కసారి ఎక్కువా ఒక్కసారి తక్కువా కాకూడదు.

అప్పుడే ఇంకో తప్పు కూడా దిద్దుకున్నాం. పెరటిలో మూడో వంతు బండ తీసేసి మట్టి వదిలాం. గోడ నుంచి గోడకు బండ ఉన్నంతకాలం వేసవిలో పది దాటితే పెరటిలో చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేకపోయేవాళ్లం, ఆ సెగ రాత్రి తొమ్మిది దాకా వంటగది కిటికీలోంచి కొట్టేది. బయట వేసేవాళ్లు లేత రంగు బండే ఎంచుకోవాలి. నల్లబండ నీడ లేని చోట పెనమే.

వదిలిన మట్టిలో మొదట పెట్టినది నిమ్మ. ఏడాదికల్లా దాని ఆకులు పసుపు పచ్చబడ్డాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాం. నర్సరీ ఆయన వచ్చి గునపంతో గీకితే పిడికెడు లోతున తెల్లని గట్టి పొర తగిలింది. ఇల్లు కట్టేటప్పుడు పాలిష్ మిషన్ నుంచి వచ్చిన రాతిపిండి రొచ్చునంతా పనివాళ్లు ఆ మూలనే పోశారు. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా నిమ్మ వేళ్లకు అందదు. ఆ మట్టి బండి మీద బయటికి పంపి, చెరువు మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపాక చెట్టు తేరుకుంది. పాలిష్ పని మొదలుపెట్టే రోజే ఆ రొచ్చు ఎక్కడ పోయాలో గుంత చూపించడం మంచిది.

వేప మొక్కను మొదట ప్రహరీకి మూడడుగుల దూరంలో నాటాం, తర్వాత తీసేశాం. పెద్ద చెట్టు వేళ్లు వేసవిలో రేగడిలోని తడిని పీల్చేస్తే నేల ముడుచుకుని గోడ బీట తీస్తుందని ఇంజనీరు చెప్పాడు, పక్కింటి ప్రహరీ చూస్తే నమ్మక తప్పలేదు. ఇప్పుడు గోడల దగ్గర నందివర్ధనం, మల్లె, కరివేపాకు మాత్రమే ఉన్నాయి. కానుగ ఒకటి గేటు బయట, రోడ్డు వైపు పెట్టాం.

మిద్దె మీది వాననీరు మాత్రం మొదటి నుంచీ ఇంకుడు గుంతకే పోతోంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మా 1,200 చదరపు అడుగుల మిద్దె మీద ఆ లెక్కన 70 వేల లీటర్లు పైమాటే పడుతుంది. రేగడిలో నీరు త్వరగా ఇంకదు గనుక గుంతను ఆ పొర దాటించి తవ్వించాం, పునాదికి వీలైనంత దూరంగా, పెరటి చివర పెట్టాం. పెరటి బండల సందుల్లోంచి దిగే నీరు దీనికి అదనం.

బేతంచెర్ల నుంచి ఎక్కువగా తెచ్చిన బండల్లో అన్నీ వాడగా పన్నెండు మిగిలాయి. గని ఒకటే అయినా ఆ రంగు మళ్లీ దొరకలేదు; నాలుగేళ్ల తర్వాత వెళ్లి అడిగితే అలాంటిదే చూపించారు, ఇంటికి తెచ్చి పక్కన పెడితే వేరుగా కనిపించింది. స్టోరు గదిలో రోకలి పడిన బండనూ, యాసిడ్ తిన్న హాలు బండనూ ఆ మిగిలినవాటితోనే మార్పించాం. పెరడు తిరగ పరిచినప్పుడు ఎనిమిది పోయాయి. ఇప్పుడు రెండే ఉన్నాయి, మెట్ల కింద గోనెపట్టా కప్పి గోడకు ఆనించి పెట్టాం. మా అత్తమ్మ ఒకదాని మీద తులసి కుండీ పెడతానని అడిగింది కాని, ఇంకా ఇవ్వలేదు.