కొబ్బరినూనె పోసిన పాత కేబుల్, మూడేళ్లు నడిచిన కొత్తది

మా 1998 మోడల్ మారుతి 800లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది యాక్సిలరేటర్. కాలికీ, ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బరేటర్‌కీ మధ్య ఉన్నది ఒక్క తీగే. ఎంత తొక్కితే అంత కదులుతుంది, అంతకు మించి ఏమీ లేదు. మైలేజీ, సీట్లు, ఇంజిన్ సంగతి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. కొత్త యాక్సిలరేటర్ కేబుల్ వేయించి మూడేళ్లయింది, దాని గురించే రాస్తున్నాను. అంతకుముందు పాతది చేసిన పని చెప్పాలి.

పాత కేబుల్ ఒక మార్చి నెలలో పట్టెయ్యడం మొదలైంది. గేరు మార్చేటప్పుడు కాలు తీసినా ఇంజిన్ ఒక్క క్షణం గుయ్‌మంటూనే ఉండేది. ఇంకోసారి తొక్కి వదిలితే దిగేది. నూనె పడితే సరిపోతుంది అనుకున్నాను. కవిటి నుంచి అత్తగారు పంపిన గానుగ కొబ్బరినూనె ఇంట్లో ఉంది. కార్బరేటర్ వైపు కొస ఊడదీసి, తొడుగు లోపలికి చుక్క చుక్కగా దింపాను. పెడల్ పూలరెక్కలా తేలికైపోయింది. ఆ వేసవంతా కనబడిన ప్రతివాళ్లకీ ఇదే చిట్కా చెప్పాను. ఎండలు ఉన్నన్నాళ్లూ ఆ మాట నిజమే.

డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున అమ్మను రైలెక్కించడానికి శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస బయల్దేరాం. మంచు బాగా పడుతోంది. ముందు వరిగడ్డి లోడుతో ట్రాక్టర్ పోతోంది. దాన్ని దాటడానికి గట్టిగా తొక్కి, దాటేశాక కాలు తీశాను. బండి లాగుతూనే ఉంది. పెడల్ అడుగునే ఉండిపోయింది. బ్రేకు తొక్కాను, కొంచెం పట్టింది. కంగారులో వదిలి మళ్లీ తొక్కితే రాయిలా తగిలింది. ఇంజిన్ ఫుల్ రేజింగ్‌లో ఉన్నప్పుడు బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్‌కి ఇంజిన్ నుంచి రావాల్సిన వాక్యూమ్ (గాలి పీల్పు) సరిగా అందదు, వదిలి వదిలి తొక్కితే ఉన్నది కూడా అయిపోతుంది. ఒకసారి తొక్కితే అలాగే పట్టి ఉంచాలి. ఇది నాకు తర్వాత తెలిసింది.

క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసేసరికి ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. తాళం ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి ఆపాను. కంగారులో తాళం లాగేసి ఉంటే స్టీరింగ్ బిగుసుకుపోయేది. వెనక సీట్లోంచి అమ్మ "ఏటైందిరా నాన్నా?" అంది. నాకు నోట మాట రాలేదు. బండిని మట్టిలోకి దింపాను. అదృష్టం కొద్దీ ఆటో దొరికింది, అమ్మకి రైలూ అందింది. నేను వెనక్కి వచ్చి బండి పక్కనే చాలాసేపు నిలబడ్డాను.

ఎండ ఎక్కాక పెడల్ తొక్కి చూస్తే ఏమీ ఎరగనట్టు మామూలుగా ఆడింది. అది చూశాక ఇంకా టెన్షన్ వచ్చింది. బండిని తాడు కట్టించి షెడ్డుకి చేర్చాను.

మా మేస్త్రీ ముందు కేబుల్ కొస తప్పించి, కార్బరేటర్ దగ్గర లివర్‌ని వేలితో లాగి వదిలాడు. టక్కున వెనక్కొచ్చింది. అంటే కార్బరేటర్ బాగానే ఉంది, రోగం తీగలోనే. తొడుగులోంచి తీగను లాగి నీడలో పట్టుకుని చూపించాడు. దాని పొడుగునా ఇసుక కలిసిన నల్లటి జిడ్డు, అక్కడక్కడా మైనంలా తెల్లటి ముద్దలు. కొసకి రెండు అంగుళాల ఇవతల ఒక పోగు తెగి చేప ముల్లులా బయటికి లేచి ఉంది.

"ఏటి నూనె పోసినారు బావూ?" అన్నాడు. చెప్పాను. సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే కొబ్బరినూనె గడ్డకడుతుంది. చలికాలంలో సీసాలో గడ్డకట్టడం ఏటా చూస్తూనే ఉన్నాం, తీగలోనూ అదే జరుగుతుందని నాకు తట్టనే లేదు. పెట్రోలుతో కడిగి వేసేయమన్నాను. "కడగొచ్చు బావూ, గానీ తెగిన పోగు కడిగితే అతకదు" అన్నాడు.

కొత్తది వేశాడు. ఎక్కడా మడత పడకుండా, వేడి సైలెన్సర్ గొట్టానికి తగలకుండా తిప్పాడు. పెడల్‌కి రవ్వంత వదులు ఉంచి, నన్ను లోపల కూర్చోబెట్టి అడుగంటా తొక్కమని, అటు కార్బరేటర్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూశాడు. కొత్త కేబుల్ తొడుగు లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంది కాబట్టి నూనె పొయ్యొద్దన్నాడు. ఈ మూడేళ్లలో ఒక్క చుక్క పొయ్యలేదు, మూడు చలికాలాల్లో ఒక్కసారీ పట్టెయ్యలేదు. కాలు తీయగానే ఇంజిన్ దిగే ఆ చప్పుడు వింటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది.

అయితే పెడల్ పాతదాని కంటే కాస్త బరువు. కళింగపట్నం ఉప్పు గాలికి లివర్ స్ప్రింగ్ తుప్పు పట్టి, రెండో ఏడు అదీ మార్చాల్సి వచ్చింది. పోయిన సంక్రాంతికి మళ్లీ పట్టినట్టనిపించి గుండె ఝల్లుమంది గానీ, పెడల్ కిందికి జరిగిన మ్యాట్ అది.

నా బండి రోజుకి ఇరవై కిలోమీటర్లు, అదీ ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతుంది. ఆ వాడకానికి ఇది బాగా సరిపోయింది. సాలూరు ఘాట్ ఎక్కి దిగేవాళ్లకి మూడేళ్లు వస్తుందని నేను అనను, వాళ్లయితే ఏటా కొస ఊడదీసి పోగులు చూసుకోవాలి. నేను ఈ డిసెంబర్ రాకముందే ఒకసారి విప్పించి చూస్తాను. కొత్త కేబుల్ ఇంకొకటి కొని డిక్కీలో పెట్టుకున్నాను.