ఊదే వాయిద్యాలకు ఒక్కడు చాలా, ఇద్దరు ముగ్గురు కావాలా?

మా ఆర్కెస్ట్రాకి నొటేషన్ రాసేది నేనే. అమలాపురం చుట్టుపక్కల నవరాత్రి పందిళ్లు, తీర్థాలు (జాతరలు) మా సీజన్. సీజన్ ముందు ఏటా ఒక చర్చ తప్పదు. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్ మూడూ వాయించే ఒక్కడిని పెట్టుకోవాలా, వేర్వేరుగా పిలవాలా, కీబోర్డు మీద లాగించేయాలా?

కీబోర్డు సంగతి ముందే చెప్పేస్తాను. వయొలిన్ల గుంపుకి బదులు సరిపెట్టుకోవచ్చు గానీ ఫ్లూటు గమకం దాని మీద పలకదు. ఎవరూ దొరకని రోజుకి సరే.

ఒక్కడైతే డబ్బు మిగులుతుంది, వ్యానులో చోటూ మిగులుతుంది. కానీ నొటేషన్‌లో ఖాళీ బార్లు (బీట్ల లెక్కతో విడగొట్టిన ముక్కలు) వదలాల్సి వస్తుంది. క్లారినెట్ దించి, రీడు (ఊదితే కంపించే సన్నని పుల్ల) ఆరిపోకుండా మూత పెట్టి, శాక్స్ పట్టీ మెడకు తగిలించుకుని, ఊపిరి సర్దుకోవడానికి పదిహేను సెకన్లయినా కావాలి. నిమిషానికి 120 బీట్ల పాటలో, బారుకి నాలుగు బీట్ల చొప్పున 8 బార్లంటే 16 సెకన్లు. ఒకసారి నేను 2 బార్లే ఇచ్చాను. మావాడు ఇంకా పట్టీతో కుస్తీ పడుతుండగానే శాక్స్ రావాల్సిన చోటు దాటిపోయింది, తబలా ఒక్కటే మోగింది. జనం అతన్ని చూసి నవ్వారు గానీ తప్పు నాది.

శ్రుతి తంటా వేరే ఉంది. ఈ రెండు వాయిద్యాలూ రాసిన స్వరం కన్నా కిందికి పలుకుతాయి. అందుకే పాట ఒకటి శ్రుతిలో (కీబోర్డు మీద సి) ఉంటే బి-ఫ్లాట్ క్లారినెట్‌కి రెండులో (డి) రాయాలి, ఈ-ఫ్లాట్ ఆల్టో శాక్స్‌కి ఆరులో (ఎ) రాయాలి. ఒకే కాగితం మీద ఇవి మారుతుంటే వాయించేవాడికి టెన్షన్. అందుకే వాయిద్యం మార్చమన్న మాట కొత్త ముక్క ముందు రాయను, పాత ముక్క ఆఖరి స్వరం పక్కనే రాస్తాను. ఖాళీ మొదలవగానే కంటపడాలి కదా.

క్లారినెట్, శాక్స్ మాత్రం ఒకరికే ఇవ్వొచ్చు. రెండూ ఒంటి రీడువే, పెదవి పట్టు మరీ దూరం కాదు. వేళ్ల లెక్కే కొంచెం తేడా: పై స్థాయికి వెళ్లే కీ నొక్కితే శాక్స్‌లో ‘స’ కాస్తా పై ‘స’ అవుతుంది, క్లారినెట్‌లో పై ‘ప’ అవుతుంది. అలవాటున్నవాడికి అదో లెక్క కాదు. పాశ్చాత్య సింఫనీల్లోనూ దగ్గరి చుట్టాలనే కలుపుతారు: మూడో ఫ్లూటు మనిషికి పికోలో (చిన్న ఫ్లూటు), క్లారినెట్ మనిషికి బాస్ క్లారినెట్.

ఫ్లూటు జోలికి వెళ్తేనే చిక్కు. గంటసేపు రీడు బిగబట్టిన పెదవితో వెంటనే ఫ్లూటు అందుకుంటే స్వరం కన్నా గాలే ఎక్కువ వినిపిస్తుంది. పైగా మన వెదురు ఫ్లూటు ఒక్కో శ్రుతికి ఒక్కోటి. గాయకుడు ఒకటిన్నర అంటే ఒకటి తీయాలి, గాయని ఐదున్నర అంటే ఇంకోటి. ఫ్లూటతను సంచీడు ఫ్లూట్లతో పాటపాటకీ ఇప్పటికే మారుస్తూ ఉంటాడు. అతని మెడలో శాక్స్ కూడా తగిలించడం అన్యాయం.

సంక్రాంతి రోజుల్లో ఇంకో బాధ, మంచు. స్టాండు మీద పెట్టిన వాయిద్యం చల్లబడుతుంది. గొట్టంలో గాలి 10 డిగ్రీలు చల్లబడితే స్వరం అరస్వరంలో (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల తేడాలో) దాదాపు మూడో వంతు దిగిపోతుంది. కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. కాబట్టి మారిన వెంటనే సోలో ఇవ్వను. మధ్య స్థాయిలో, ఇంకొకరితో కలిపి నాలుగు బార్లు ఇచ్చాకే. ఆ లోపు చప్పుడు కాకుండా వెచ్చని గాలి ఊదుకోమంటాను.

నా ఓటు ఇద్దరికి: ఫ్లూటుకి ఒకరు, క్లారినెట్-శాక్స్‌లకి ఒకరు. క్లారినెట్, శాక్స్ రెండూ ఒకేసారి మోగాల్సిన పాటలు లిస్టులో నాలుగైదు ఉంటేనే మూడో మనిషిని పిలుస్తాను. ఒక్కడే చాలనే నిర్వాహకులకు నేను చెప్పేది ఒకటే. ఆ ఒక్కడూ నరసాపురం వైపు నుంచి రావాలి, సాయంత్రం గోదావరి దాటించే పంటు తప్పిపోయిందనుకోండి, మూడు వాయిద్యాలూ అవతలి ఒడ్డునే ఉండిపోతాయి.