హన్మకొండలో గుడి ఒక్కటే చూసి రాకండి

కరీంనగర్ నుంచి హన్మకొండకు హుజురాబాద్ మీదుగా ఆర్టీసీ బస్సులు దండిగా ఉన్నాయి, కారు అక్కర్లేదు. వేయిస్తంభాల గుడికి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రాతి మీద కాలు పెట్టలేం. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి ముందు, మరమ్మతు కోసం ఏళ్ల తరబడి రాళ్లు విప్పి ఉంచిన కల్యాణమండపం 2024లో మళ్లీ తెరుచుకుంది. చూసి తీరాలి.

మేం ముఖ్యంగా వెళ్లింది మాత్రం శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే పాత తెలుగు గ్రంథాలయం కోసం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం 1901లో మొదలైతే, మూడేళ్లకే, 1904లో, హన్మకొండవాళ్లు దీన్ని నిలబెట్టారు. దీని విలువ తెలియాలంటే హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరిని గుర్తుచేసుకోవాలి. తానీషా కాలపు ఆ భవనం 1872లో ఫ్రీమేసన్లనే రహస్య సంఘం చేతికొచ్చింది. సభ్యులు కానివాళ్లను లోపలికి రానివ్వని సంఘానికి ఏకంగా రాజమహలే దొరికింది. అదే నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు సభ పెట్టుకోవాలంటే, గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు హుకుం వచ్చాక, సర్కారు అనుమతి కావాలి. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. అలాంటి రోజుల్లో జనం చందాలేసుకుని నడిపిన గ్రంథాలయమే నలుగురు కూడే చోటు. నాకు బారాదరి కన్నా ఇదే గొప్ప.

తొంభైకి దగ్గరపడ్డ మా పెద్దబాపు అక్కడ ఒక పాత పుస్తకం తెరిచి, అట్ట లోపలి గుండ్రటి ముద్రను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. "మాకు బళ్లె అలిఫ్ బే నేర్పిన్రు బిడ్డా. అఆలు ఇంట్లనే, మా నాయిన దగ్గర నేర్చుకున్న" అన్నాడు. గ్రంథాలయం చూసుకునే ఆయన మమ్మల్ని తొందరపెట్టలేదు, ఫ్యాన్ కిందికి కుర్చీ జరిపి "నిమ్మళంగ చూడున్రి పెద్దాయనా" అన్నాడు. ఏ హోటల్లోనూ ఇంత మర్యాద చూడలేదు.

బస సంగతికొస్తే, చౌరస్తా దగ్గర దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, కానీ వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే బంద్, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు గది ముందే అడిగి పెట్టుకోండి. తిండికి ఢోకా లేదు, సర్వపిండి వేడిగా దొరికితే వదలొద్దు.

భాషానిలయం తెరిచే వేళలు ముందే కనుక్కోండి. కోట, భద్రకాళి అన్నీ ఒక్క రోజులో కుక్కకుండా, దీనికో పూట విడిగా పెట్టుకోండి.