సెకండ్ హ్యాండ్ కారులో చిన్న లోపాలు: రేటు తగ్గించుకోవాలా, ఓనర్‌తోనే బాగు చేయించాలా?

మెకానిక్ బండి చూసి ఆరు లోపాలు రాసిచ్చాడనుకోండి. ముందు టైర్లు అరిగాయి, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు కొట్టుకుంటున్నాయి, ఇంజన్ పైమూత (టాపెట్ కవర్) దగ్గర ఆయిల్ చెమ్మ, యాక్సిల్ బూట్ (రబ్బరు తొడుగు) చిరిగింది, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తక్కువ, ఏసీ చల్లదనం అంతంత మాత్రం. ఇక బేరంలో రెండు దారులు. ఆ ఖర్చు రేటులో కోయించుకుని బండి తెచ్చుకోవడం ఒకటి, అన్నీ చేయించాకే డబ్బిస్తామనడం ఇంకోటి. లిస్టు మొత్తానికి ఒకే దారి పట్టుకునేవాళ్లు ఎక్కువ. నష్టం అక్కడే. విప్పకుండానే ఖర్చు తెలిసేవాటికి రేటు తగ్గింపు మేలు. విప్పితేగానీ అసలు సంగతి బయటపడనివాటిని ఓనర్‌తో చేయించడమే మేలు.

టైర్లు మొదటి రకం. ఓనర్‌ను మార్చమంటే ఉన్నవాటిలో చవకది, లేదా ఏళ్లుగా గోడౌన్‌లో పడి ఉన్నది వేయిస్తాడు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడిలోని చిన్న గట్టుతో సమానంగా టైరు అరిగితే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే, రెండు టైర్ల రేటు తగ్గించుకుని మీకు నచ్చినవి వేయించుకోండి. లోపలి అంచు మాత్రమే అరిగితే లెక్క వేరు. చక్రాల అలైన్‌మెంట్ తప్పి ఉండొచ్చు, గుంతలో పడి చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగి ఉండొచ్చు. అలైన్‌మెంట్ ఓనర్‌తోనే చేయించి, ఆ కంప్యూటర్ కాగితం చూడండి. కొలతలు పరిధిలోకి రాలేదంటే ఏదో వంగింది.

లింక్ రాడ్లు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లకు కూడా రేటు తగ్గింపే. దేవరకొండ, అచ్చంపేట వైపు లోపలి ఊళ్లు తిరిగిన బండికి ఇవి త్వరగా పోతాయి. అది ఆ రోడ్లు వసూలు చేసుకునే కిరాయి, అంతే.

యాక్సిల్ బూట్ మాత్రం దగ్గరగా చూడాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ముందు చక్రం వెనక చూస్తే మడతలు మడతలుగా రబ్బరు తొడుగు కనిపిస్తుంది. చిరిగితే గ్రీజు రిమ్ లోపలివైపు చిమ్మి, దాని మీద దుమ్ము అట్టకడుతుంది. ఖాళీ జాగాలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి, రెండువైపులా. శబ్దం లేకపోతే బూట్, గ్రీజు ఖర్చు కోయించుకుంటే చాలు. టక్ టక్‌మంటే లోపల జాయింట్ అరిగింది, బేరం జాయింట్ రేటు మీదే నడవాలి.

టాపెట్ కవర్ చెమ్మకు ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. అదే చెమ్మ ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద కనిపిస్తే గేర్‌బాక్స్ దించాలి. సీల్ చవకే, కూలీ కాదు. ఇంజన్ తళతళలాడేలా కడిగి చూపిస్తే చెమ్మ ఎక్కడిదో తెలియదు. ఒకటి రెండు రోజులు నడిచాక మళ్లీ చూడండి.

కూలెంట్ దగ్గర "తక్కువుంది, పోస్తే సరిపోతుంది" అన్న మాటకు రేటు తగ్గించుకుని ఊరుకోకండి. హోస్ క్లిప్ వదులైనా తగ్గుతుంది, వాటర్ పంప్ కారినా, ఇంజన్ హెడ్ కింది ప్యాకింగ్ (హెడ్ గ్యాస్కెట్) పోయినా తగ్గుతుంది. మొదటిదానికి, చివరిదానికి ఖర్చులో పొంతనే ఉండదు. పైగా నల్లగొండ జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. కూలెంట్ బదులు అవే పోస్తూ వచ్చిన బండిలో, గీజర్ రాడ్‌కు పట్టినట్టే, రేడియేటర్ లోపల సున్నపు పొర పడుతుంది. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు మూత తీయండి. వేడి మీద మాత్రం ముట్టుకోవద్దు. ఆకుపచ్చో గులాబీ రంగో తేటగా ఉంటే మంచిదే. తుప్పు రంగుంటే నీళ్లు పోశారు. పైన నూనె తేలుతుంటే ఆ బండి జోలికి పోకండి.

తుప్పు రంగు వరకే అయితే ఓనర్‌తో ఫ్లష్ చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. బండిలోని కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి నల్లగొండ నుంచి నార్కట్‌పల్లో, పాలమూరు నుంచి జడ్చర్లో పోయిరండి. రాత్రంతా చల్లారనిచ్చి చూస్తే మట్టం గీత మీదే ఉండాలి. వారం ఆగి ఇంకోసారి చూసుకుంటే ఇంకా మేలు.

ఏసీ దగ్గర ఓనర్‌తో చేయించడమూ మోసం కావచ్చు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే లీకే. గ్యాస్ నింపి ఇస్తే కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది. మీ ఎదుట లీక్ టెస్ట్ చేయించాలి, లేదంటే కండెన్సర్, కూలింగ్ కాయిల్ రెండింట్లో ఎక్కువ ఖర్చుదాన్ని రేటులో కోయాలి. చూసేది మాత్రం మధ్యాహ్నం ఎండలో. పొద్దున ఏడింటికి ఏ బండి ఏసీ అయినా బాగానే ఉంటుంది.

చెక్ ఇంజన్ లైటు కీ ఆన్‌లో వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో పీకేసి ఉండొచ్చు. "బాగు చేయించా" అంటే ఎర్రర్ చెరిపేశారేమో స్కానర్‌లో తెలుస్తుంది. మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే చెరిపి ఎక్కువ రోజులు కానట్టే. ఇంకొన్ని రోజులు నడిచాక మళ్లీ స్కాన్ చేయించి అప్పుడు మాట్లాడండి.

కాగితాల్లో లోపానికి రేటు తగ్గింపు అసలే వద్దు. లోన్ తీరిందనే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35, పాత చలాన్లు ఓనరే తీర్చాలి. టీఎస్ 05 (నల్లగొండ) బండిని మహబూబ్‌నగర్‌లో వాడుకోవడానికి నంబరు మార్చక్కర్లేదు. గద్వాల వాళ్లు కర్నూలు, రాయచూరు నుంచి తెచ్చుకుంటే మాత్రం అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీతో పాటు ఇక్కడి లైఫ్ టాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి.

బయానా ఇచ్చేటప్పుడే ఏ పార్టు ఎవరు మారుస్తారో, కంపెనీదా లోకల్‌దా కాగితం మీద రాయించుకోండి. ఓనర్ మార్చిన ప్రతి పాత పార్టునూ బిల్లుతో సహా డిక్కీలో పెట్టించమనండి.