పెల్లెట్ల డబ్బా మీద ‘ఫ్లాట్ హెడ్’ అని ఉంటే నమ్మేయకండి

రైఫిల్ షూటింగ్ నేర్చుకునే పిల్లలున్న తల్లిదండ్రులు తప్పకుండా చదవండి. ఏ షాపో పేరు చెప్పను. మన గంజాం, గజపతి వైపు వాళ్లంతా ఫోన్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకునే షాపే.

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పర్లాకిమిడిలో మా ఇంటి పొడవాటి వరండాలోనే ప్రాక్టీసు. పోటీకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లనే పెల్లెట్లంటారు. 4.50 ఎం.ఎం. సైజు ఫ్లాట్ హెడ్, అంటే తల చదునుగా ఉండేవి, పది డబ్బాలు చెప్పి, పదకొండు వేలు ముందే ఫోన్‌పే చేశాను. మొన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. పైన అతికించిన స్టిక్కర్ మీద ఫ్లాట్ హెడ్ అనే ఉంది.

డబ్బా తెరవగానే పిల్ల అంది, "నాన్నా, వీటి తల గుండ్రంగా ఉంది." నేను చూడనైనా చూడలేదు. "షాపువాళ్లకి తెలీదా, కాల్చు" అన్నాను. అరవై కాల్చింది. రూపాయి బిళ్ళంత చోటులో పడేవి అరచేయంత చెదిరిపోయాయి. ధ్యాస ఎక్కడుందని కేకలేశాను. అది ఏడుస్తూ పడుకుంది. ఆ తర్వాత గానీ నేను డబ్బాలో చెయ్యి పెట్టలేదు. తప్పు నాది.

ఫ్లాట్ హెడ్ పెల్లెట్ కాగితాన్ని పంచ్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది, ఏ గీత తాకిందో కచ్చితంగా తెలుస్తుంది. ఇవి కాగితాన్ని చింపేశాయి. పది పాయింట్ల గీత లోపలా బయటా అన్నది తేలదు. ఈ ఆటలో నడిమి పది చుక్క అర మిల్లీమీటరే. పాతపట్నంలో తెలిసిన బంగారం కొట్టులో తూకం వేయించాను. డబ్బా మీద 0.53 గ్రాములని ఉంది, లోపల ఒక్కొక్కటీ ఒక్కో బరువు.

షాపుకి ఫోన్ చేస్తే అతనన్న మాట ఇంకా చెవిలో మోగుతోంది. "ఇవి ఇంకా పవర్‌ఫుల్ సార్, వేటకి వీటినే తీసుకెళ్తారు. జింకనైనా పడేస్తాయి. మీకు కాగితం చాలదా?"

పిల్ల ఆటకి కావాలని అడిగితే జింకల మాట! మన దేశంలో 1972 చట్టం ప్రకారం జింక వేట నేరం. పైగా వీటితో కొడితే గాయంతో అడవిలో పడి నరకయాతన పడుతుంది. వేటకి అనుమతి ఉన్న అమెరికాలో జింకకి వాడే .308 రకం రైఫిల్ తూటా మామూలుగా 150 గ్రెయిన్లు, అంటే 9.7 గ్రాములు. మన పెల్లెట్‌కి పద్దెనిమిది రెట్లు. దాని శక్తి మూడు వేల జూల్స్ పైనే. మన దగ్గర లైసెన్సు లేకుండా కొనే 4.5 ఎం.ఎం. ఎయిర్ రైఫిల్‌కి 20 జూల్స్ హద్దు. అక్కడ తగలగానే పుట్టగొడుగులా విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ తూటా ఎంచుకుంటారు, భుజం వెనక గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్లి జంతువు త్వరగా ప్రాణం విడవాలని. ఏ పనికి ఏది వాడాలో తెలియనివాడు ఇవి అమ్మకూడదు.

వాపసు తీసుకోమంటే, "డబ్బా విప్పేశారు కదా. పర్లాకిమిడిలో కూర్చుని మాకు షూటింగ్ నేర్పుతారా?" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మీరు కొనేటప్పుడు పెల్లెట్ తల ఫోటో, డబ్బా అడుగున సైజు ఫోటో అడగండి. డబ్బు మొత్తం ముందే వేయకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. పిల్ల ఏదైనా చెబితే ముందు అది వినండి.

పాత డబ్బాలో 140 మిగిలాయి. లెక్కపెట్టి దానికిచ్చాను. బరంపురం, శ్రీకాకుళం వైపు ఎవరి దగ్గరైనా 4.50 ఫ్లాట్ హెడ్ ఒక్క డబ్బా ఉంటే చెప్పండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను.